గడప మీద చెప్పిన పేరు

ఆఁ, ఎక్కడ ఆపాం? తిమ్మయ్య పేరు దగ్గర కదూ! నిన్న సాయంత్రం కథ అక్కడిదాకా వచ్చేసరికి చాంద్ బేగం కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ లేచి వెళ్ళిపోయింది. పాపం, ఆమె బాధ ఆమెది. ఆమె భర్త దాదా ఖలందర్ మన కడప స్టేషను దగ్గర జట్కా తోలే మనిషి. మొన్న ఎండల్లో పక్షవాతం వచ్చి పడిపోయాడు. కుడి చెయ్యి లేవడం లేదు. నోటి నుంచి గుర్రాన్ని అదిలించే మాట ఒక్కటే వస్తోంది. అన్నం కావాలన్నా "చల్ బేటా", ఇంక చాలన్నా "చల్ బేటా". వీధిలో వాళ్ళంతా మతి పోయిందని తేల్చేశారు. మతి పోలేదమ్మా, నాగలక్ష్మమ్మ సంగతి చెప్తాను విను అని మొదలుపెడితే, ఏడుపు ఉన్న సగం విని నవ్వు ఉన్న సగానికి ముందే వెళ్ళిపోయింది! అందుకని ఇవాళ ఆమెను పక్కనే కూర్చోబెట్టుకుని మళ్ళీ మొదటి నుంచీ, ఒక్క ముక్క కూడా మింగకుండా.

నాగలక్ష్మమ్మది పత్తికొండకు కూతవేటు దూరంలో ఉన్న పల్లె. భర్త తిమ్మయ్య. వానను నమ్ముకున్న నల్లరేగడి చేను, ఒక జత ఎద్దులు, ఇంటి ముందు వేపచెట్టు నీడ. ఇంతే వాళ్ళ ఆస్తి. కాదు, ఇంకొకటుంది, నాగలక్ష్మమ్మ నోరు. అబ్బో, అదేం నోరు! మాట్లాడుతూ ఉంటే మధ్యలో ఊపిరి ఎప్పుడు తీసుకునేదో ఎవరికీ అంతుపట్టేది కాదు. బుడ్డల చేలో కలుపు తీసేటప్పుడు ఆడవాళ్ళంతా ఆమె పక్క సాలు కోసం పోటీపడేవాళ్ళు. ఆ మాటల్లో పడితే ఎండ తెలియదు, నడుం నొప్పి తెలియదు. వేరుశెనక్కాయను అక్కడ బుడ్డలంటారు లెండి. ఊళ్ళో ఎవరింట జొన్నలు కొలవాలన్నా శేరు ఆమె చేతికే ఇచ్చేవాళ్ళు, ఆమె చెయ్యి మంచిదని.

అంత నోట్లోంచీ రాని మాట ఒకటుండేది. మొగుడి పేరు. పేరు పలికితే మొగుడి ఆయుష్షు తరిగిపోతుందని ఆమె అమ్మ చెప్పింది, ఆమె అమ్మకు వాళ్ళమ్మ చెప్పింది. నాగలక్ష్మమ్మ ఇంకో అడుగు ముందుకు పోయింది. కాలు తిమ్మిరెక్కితే 'తిమ్మిరి' అనకుండా "కాలు నిద్దరపోయింది" అనేది. తిరుపతి తిమ్మప్పను "కొండమీది సామి" అనేది.

యాభైరెండులో మొట్టమొదటి ఓట్లు వచ్చినప్పుడు ఈ అలవాటే కొంప ముంచింది. ఊరి బడిలో ఓట్లు. ఆడవాళ్ళ వరసకు ముందు నాగలక్ష్మమ్మే. కొత్త చీర, తలలో కనకాంబరాలు. లోపల గుమస్తా జాబితా తిరగేసి, ఆమె పేరు గలవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారని, "మీ ఆయన పేరేం?" అన్నాడు.

"మా ఇంటాయన."

"అదేనమ్మా, పేరు?"

"మా పిల్లోళ్ళ నాయన."

"ఆ నాయనకు పేరుండదా?"

నాగలక్ష్మమ్మ పక్కన బల్ల మీద కూర్చున్న పుల్లయ్య వైపు చూసింది. పుల్లయ్య తిమ్మయ్యకు దాయాది, పాలివాడు. ఒక అభ్యర్థి తరఫున ఏజెంటుగా కూర్చున్నాడు. "ఆయప్పనడుగు సారూ, ఆయప్పకు తెల్సు" అంది.

పుల్లయ్య మీసం దువ్వుకుంటూ పైకప్పు వైపు చూశాడు. "నాకేం తెల్సప్పా? ఓటు ఆమెది. చెప్పల్సింది ఆమె."

ఈ నాగలక్ష్మమ్మ గుంపు ఓట్లు తన మనిషికి పడవని అతనికి తెలుసు మరి! ఆమె ఎర్రబడ్డ మొహంతో గడప దాటి బయటికొచ్చేసింది. ఆమెను చూసి వెనకున్న ఆడవాళ్ళూ వచ్చేశారు. ఆ తరవాత పుల్లయ్య టీ అంగడి దగ్గర కూర్చున్నప్పుడల్లా ఇదే మాట. "మొగుని పేరు చెప్పలేనోళ్ళకు ఓటేమిటికప్పా? సంగటి గెలుక్కోమను."

ఆ మాట నాగలక్ష్మమ్మ గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది. ఈసారి ఓట్లు రానీ, ఆయుష్షూ లేదు గియుష్షూ లేదు, గట్టిగా చెప్పేస్తానని పొరుగింటి దౌలత్ బీ చేతిలో చెయ్యి వేసి మరీ చెప్పింది. దౌలత్ బీ ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ ఊళ్ళోనే గాజుల మలారం మోసే మనిషి. తిమ్మయ్యను చిన్నప్పటి నుంచీ అన్నా అంటుంది, కాబట్టి నాగలక్ష్మమ్మ ఆమెకు వదిన. ఈ వదినామరదళ్ళ పరాచికాలు వినడానికే జనం ఆ వీధిలో నడిచేవాళ్ళు.

యాభైనాలుగు వానాకాలం. చేలో కలుపు తీస్తూ, ఏదో మాట సగంలో ఉండగా, నాగలక్ష్మమ్మ పక్కకు ఒరిగిపోయింది. తెలివొచ్చేసరికి చెట్టు కింద పడుకోబెట్టారు. కుడి చెయ్యి తనది కానట్టు పడి ఉంది. దాహం. 'నీళ్ళు' అనుకుంది. మనసులో ఆ మాట కడిగిన చెంబులా స్పష్టంగా ఉంది. నోరు తెరిచింది.

"తిమ్మయ్యా!"

చుట్టూ ఉన్నవాళ్ళు రాళ్ళైపోయారు. దౌలత్ బీ గభాల్న ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "అల్లా! ఏం పేరు తీస్తాండావు వదినా!"

నాగలక్ష్మమ్మ ఇంకా ఎక్కువ బిత్తరపోయింది. నేనట్ల అనలేదే! మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే. దుక్కిలో ఉన్న తిమ్మయ్య కాపురంలో ఎన్నడూ వినని ఆ పిలుపు విని, పెళ్ళాం ప్రాణం పోతోందనుకుని ఎద్దుల్ని వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

ఇక ఆ రోజు నుంచీ ఆకలైతే తిమ్మయ్య, చలేస్తే తిమ్మయ్య, కోడి లోపలికొచ్చిందంటే తిమ్మయ్య. పిల్లలకు మాటలు రావడానికి నాకించే వస కొమ్ము తెచ్చి నాలుక మీద అరగదీశారు. ఒకప్పుడు వసపిట్ట అని పేరు పడ్డ మనిషికి! పావురం నెత్తురు పూశారు, తాయెత్తు కట్టారు. నడక కొంచెం కొంచెంగా వచ్చింది, కుడి కాలు ఈడుస్తూ. మాట మాత్రం ఆ ఒక్క పేరు దగ్గరే గుంజకు కట్టేసినట్టు ఆగిపోయింది.

"తిక్క పట్టిందప్పా" అంది ఊరు.

ఆమె అన్నీ వింటూనే ఉంది. ముందర కూర్చునే అనేవాళ్ళు, ఆమె గోడో గుంజో అయినట్టు. "పాపం, ఏమీ తెలీదు" అంటూ ఉంటే, తెలుసు, అన్నీ తెలుసు అని ఆమె లోపల అరిచేది. బయటికి మాత్రం "తిమ్మయ్య, తిమ్మయ్య" అనే వచ్చేది. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని తలలాడించేవాళ్ళు.

ఇంతలో మళ్ళీ ఓట్లన్నారు, శివరాత్రికి ముందరే. పుల్లయ్య పరామర్శ పేరుతో వచ్చి, అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, మెల్లగా ఎత్తుకున్నాడు.

"తిమ్మయ్యా, తిక్కోళ్ళకు ఓటు లేదంట, చట్టంలోనే ఉండాది. వదినమ్మ పేరు తీసేయమని నేనే చెప్తాలే. మీకేమిటికి శ్రమ?"

తిమ్మయ్య నోరు తెరిచేలోపే నాగలక్ష్మమ్మ ఎడమ చెయ్యి పక్కనున్న ఇత్తడి చెంబు మీద పడింది. "తి...మ్మయ్యా!" అని ఒక్క అరుపు. ఆ అరుపుకు 'లేచి బయటికి నడువు' అని తప్ప ఇంకో అర్థం లేదు. చెంబు పోయి పుల్లయ్య మోకాలి చిప్పకు తగిలింది.

పుల్లయ్య కుంటుకుంటూ పోయాక దౌలత్ బీ గాజుల మలారం కింద పెట్టి పడీపడీ నవ్వింది. "చూస్తివా అన్నా? ఎవురన్నారు వదినకు తిక్కని? తగలాల్సినోనికే తగిలింది గదా! పద, కర్నూలుకు పోదాం. నేనూ వస్తా."

కర్నూలు అప్పుడు రాజధాని. ఆఫీసులన్నీ గుడారాల్లో, ఊరంతా తిరునాళ్ళలా ఉండేది. ఆ సందట్లో వెతుక్కుంటూ ఒక మిషన్ ఆసుపత్రికి చేరారు. డాక్టరు నాడి చూసి, కళ్ళలోకి లైటు వేసి చూసి, "నరాలకు మందిస్తాను. మాటకు మందు సీసాలో ఉండదు. ఏసుమణిని కలవండి" అన్నాడు.

ఏసుమణి అక్కడి నర్సు. పొట్టిగా, బిగువుగా, ఎప్పుడూ నవ్వడానికి సిద్ధంగా ఉన్నట్టుండే మొహం. యుద్ధం రోజుల్లో బెంగుళూరు మిలటరీ ఆసుపత్రిలో పనిచేసింది. తలకు దెబ్బ తగిలి మాట పోయిన సిపాయిలకు అక్కడి డాక్టర్లు మళ్ళీ మాట నేర్పుతూ ఉంటే పక్కనుండి నేర్చుకుంది. వచ్చీ రాగానే తిమ్మయ్యను ఏమీ అడగలేదు. నాగలక్ష్మమ్మ ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"అక్కా, కిటికీ చూపిచ్చు."

నాగలక్ష్మమ్మ చూపించింది.

"నీళ్ళు తాగేదేది? కసువు ఊడ్చేదేది?"

గ్లాసు చూపించింది, మూలనున్న పొరక చూపించింది.

"ఈ గదిలో అందరికంటే ఎక్కువ వాగేదెవురు?"

నాగలక్ష్మమ్మ వేలు సూటిగా దౌలత్ బీ మీదికి పోయింది. ఏసుమణి పకపకా నవ్వింది. అప్పుడు తిమ్మయ్య వైపు తిరిగింది.

"అన్నా, ఈ అక్కకు తిక్కా లేదు, ఏమీ లేదు. బావిలో నీళ్ళు నిండుగా ఉండాయి. కపిల తాడు తెగింది, అంతే. మళ్ళా పేనుకోవల్ల. శానా ఓపిక కావల్ల."

కపిల అంటే తెలుసుగా, ఎద్దులతో బావిలో నీళ్ళు తోడే తోలుసంచి. ఆ మాట వినగానే నాగలక్ష్మమ్మ కళ్ళు జలజలా కారాయి. ఇన్ని నెలల్లో తనకు జరిగింది జరిగినట్టు చెప్పింది ఈ మనిషి ఒక్కతే.

"ఇంగొకటి," అంది ఏసుమణి. "ఆ ఒక్క పేరుతోనే ఆమె పది మాటలు మాట్లాడుతాండాది. రాగం వినండి. ఆకలికొక రాగం, కోపానికొక రాగం. మీరే వినడం లేదు."

మర్నాడు పాఠం మొదలు. వరసగా అలవాటైన మాటలు ముందు వస్తాయి, లెక్క అందుకే మంచిదని, ఒక చేట నిండా జొన్నలు, ఒక శేరు తెప్పించింది. తనే శేరు నింపి వంపుతూ, "చెప్పక్కా. ఒకటీ..." అంది.

"తిమ్మయ్య."

"ఒకటీ..."

"తిమ్మయ్య." నాగలక్ష్మమ్మకు చెమట పట్టింది. ఒకటి అన్న మాట ఎక్కడో దూరంగా, ఎవరిదో మాటలా ఉంది.

తిమ్మయ్య ఉండబట్టలేక, "నర్సమ్మా, మా కాడ గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనం..." అని ఎత్తుకున్నాడో లేదో, నాగలక్ష్మమ్మ ఎడమ చేత్తో శేరు లాక్కుంది. జొన్నల్లో ముంచింది. పైన పొంగిన గింజల్ని చేట అంచుకు రాసి కోసి, చాపమీద గుమ్మరించింది. గింజలు జారిన ఆ సవ్వడితో పాటే నోట్లోంచి జారింది.

"లాభం."

ఆమె ఆగలేదు. మళ్ళీ ముంచింది. "రెండు." మళ్ళీ. "మూడు... నాలుగు..."

లాభం! మొదటి కొలతను ఒకటి అనరు మన రైతులు, లాభం అంటారు. ఆ శుభం మాట ఆమె చేతిలో ఉందే కాని నోట్లో లేదు. శేరు పట్టగానే చేతిలోంచి నోట్లోకి నడిచొచ్చింది. ఏసుమణి చప్పట్లు కొడుతూ లేచి నిలబడింది. "నేను అంగట్లో కొనుక్కునేదాన్ని గదన్నా, నాకేం తెల్సు! ముందే చెప్పొద్దా?" అని తిమ్మయ్యను మురిపెంగా కసిరింది. దౌలత్ బీ అయితే వార్డులో ఉన్న రోగులందరికీ "మా వదినకు లాభం వచ్చింది" అని చెప్పొచ్చింది.

ఆ తాడు పట్టుకుని ఒక్కో పురీ పేనారు. వారాల పేర్లు వచ్చాయి. పాట ఎత్తుకుని చివరి మాట వదిలేస్తే ఆ మాట అందుకోవడం వచ్చింది. నీళ్ళు, అన్నం, వద్దు. 'వద్దు' వచ్చిన రోజున పండగే. మందుకు వద్దు, గంజికి వద్దు, తిమ్మయ్య ఏం చెప్పినా వద్దు.

రానిది ఒక్కటే, ఆమె పేరు. "నీ పేరేందక్కా?" అంటే చాలు, నోరు నేరుగా మొగుడి పేరు మీదికే పోయేది. ఓట్ల గదిలో మొదట అడిగేది అదే కదా! ఏసుమణికి ఓట్ల సంగతంతా దౌలత్ బీ చెప్పేసింది, చెంబుతో సహా. ఏసుమణి తిమ్మయ్యను అడిగింది.

"అన్నా, ఇంట్లో అక్కను ఏమని పిలుస్తావు?"

"ఏమని పిలుస్తా... 'ఇదో' అంటా. 'ఏమ్మే, వినపడ్లేదా' అంటా."

"కోపమొస్తే ఇంగోటంటాడు," అంది దౌలత్ బీ. "అది ఆసుపత్రిలో చెప్పరాదు."

"పేరు పెట్టి ఎప్పుడు పిలిచినావు?"

తిమ్మయ్య తలపాగా తీసి తల గోక్కున్నాడు. పిల్లలకు ఆమె అమ్మ, ఊరికి అత్త, వదిన, అక్క. ఆమె పేరును ఎవరూ వాడక అటక మీద పెట్టేశారు. చివరికి సిగ్గుపడుతూ అన్నాడు. "పెండ్లిలో. గడప కాడ."

ఆ ముచ్చట తెలియని తెలుగిల్లు లేదు. కొత్త పెళ్ళికూతురు గడపలో కాలు పెట్టబోతే ఆడపడుచులు చేతులు అడ్డం పెట్టి, ఎవరొచ్చారో పేర్లు చెబితేనే లోపలికి రానిస్తామంటారు. అతను ఆమె పేరు చెప్పాలి, ఆమె అతని పేరు చెప్పాలి. జన్మలో అదే మొదలు, అదే ఆఖరు.

"ఆ పొద్దు గడపకు అడ్డం నిలబడింది నేనే!" దౌలత్ బీ ఎగిరి గంతేసింది. "ఈ వదిన పేరు చెప్పకుండా శానాసేపు సతాయించింది. సమ్మగా చెప్పించినా."

"ఇప్పుడు మళ్ళా చెప్పిచ్చు," అంది ఏసుమణి.

చూడాలి ఆ వేడుక! వార్డు గడప అవతల నెరిసిన మీసాలతో పెళ్ళికొడుకు, కాలు ఈడుస్తూ పెళ్ళికూతురు. గుమ్మానికి అడ్డంగా దౌలత్ బీ. మంచాల మీది రోగులంతా లేచి కూర్చున్నారు.

"ఎవురొచ్చినారు? పేర్లు చెప్పి రాండి!"

తిమ్మయ్య చెవులు ఎర్రబడ్డాయి. "తిమ్మయ్య వచ్చినాడు... నాగ... నాగలచ్చమ్మ వచ్చినాది."

తన పేరు ఆ గొంతులో వినగానే నాగలక్ష్మమ్మ ఒళ్ళు ఝల్లుమంది. ఏసుమణి ఆమె ఎడమ చేతిని గుమ్మం చెక్క మీద ఆనించి, అక్షరానికో దెబ్బ చొప్పున తట్టించింది. నా, గ, ల, చ్చ, మ్మ. మొదట "నా" ఒక్కటే వచ్చింది. ఆ తరవాత "నాగ". కొన్నాళ్ళు "నాగ" దగ్గరే ఆగి, దౌలత్ బీ చేత "ఏమొదినా, పామును పిలుస్తాండావా?" అనిపించుకుంది. ఒకనాడు మొత్తం వచ్చింది. వచ్చింది కదా అని మళ్ళీ అడిగితే పోయింది.

పంపించేటప్పుడు ఏసుమణి తిమ్మయ్యకు గట్టిగా చెప్పింది. "ఆమె మాట మీరు అందుకోవద్దు. ఆగండి, రానీండి. ఆమె ముందర ఆమె గురించి మాట్లాడొద్దు, ఆమెతో మాట్లాడండి. నువ్వు మటుకు పేరు పెట్టే పిలవల్ల."

"ఆయమ్మ నా పేరు ఇన్నిసార్లు తీసినా నా ఆయుష్షు తరగలేదు. నేను పిలిస్తే ఏం పోతాది?" అన్నాడు తిమ్మయ్య, ధైర్యంగానే.

ఊళ్ళో ఇదొక ఆట అయిపోయింది. నాగలక్ష్మమ్మ ఏ ఇంటికి పోయినా గడపలో ఎవరో ఒకరు చెయ్యి అడ్డం పెట్టి "ఎవురొచ్చినారు?" అనేవాళ్ళు. ఆమె గుమ్మం తట్టేది. ఒక ఇంట్లో వచ్చేది, ఇంకో ఇంట్లో రాదు. ఒక్కోసారి "లాభం వచ్చినాది" అనేది, అందరూ నవ్వితే తనూ నవ్వేది. రాని రోజు గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చేది. ఓట్లు దగ్గరపడ్డాయి. నోరున్నప్పుడు మొగుడి పేరు చెప్పలేక వెనక్కొచ్చింది. ఇప్పుడు మొగుడి పేరే వస్తుంది, తన పేరు రాకపోతే తిక్కదని ముద్ర పడి, జాబితాలోంచే పోతుంది. పుల్లయ్య ఊరికే ఉండడు.

ఓట్ల రోజు పొద్దున్నే, ఇంటి గడప మీద ప్రయత్నించింది. రాలేదు. దౌలత్ బీ గడప మీద, రాలేదు. పోనీ వద్దులే అంటాడేమోనని తిమ్మయ్య మొహం చూసింది. అతను తలపాగా చుట్టుకుంటూ, "నాగలచ్చమ్మా, పోదాం పా," అన్నాడు. అంతే.

అదే బడి, అదే ఎత్తు గడప. లోపల బల్ల మీద అదే పుల్లయ్య, మోకాలు చాపుకుని. ఈసారి అధికారి వేరే ఆయన, కళ్ళజోడు, నిదానమైన మనిషి.

"పేరేందమ్మా?"

ఆమె నోరు తెరిచింది. "తిమ్మయ్య."

వరసలో కిసుక్కున నవ్వులు. పుల్లయ్య లేచి నిలబడ్డాడు. "సార్, నాకు అభ్యంతరముండాది. ఈమెకు మతి లేదు. తన పేరు తనకే తెలీదు. ఊరంతా ఎరుగును."

"మీ ఆయన పేరు కాదమ్మా, నీ పేరు," అన్నాడు అధికారి.

పేరు కనిపిస్తూనే ఉంది. కళ్ళ ముందు తెల్లగా, సున్నం కొట్టిన గోడంత. నాలుక దాకా రావడం లేదు. "తిమ్మ..." అంది, ఆపేసుకుంది. నాగలక్ష్మమ్మ గిర్రున వెనక్కి తిరిగి, కాలు ఈడ్చుకుంటూ, గడప దాటి బయటికి వెళ్ళిపోయింది.

వరసలో ఆడవాళ్ళు ఉస్సురన్నారు. "చూసినారా, పోయినసారి మాదిరే!" అన్నాడు పుల్లయ్య, కూర్చుంటూ.

కాని ఆమె పోలేదు. గడప అవతల ఆగింది. ఇటు తిరిగింది. ఎడమ చెయ్యి గుమ్మం చెక్క మీద ఆనించింది. అడ్డం నిలబడేవాళ్ళు లేరు, ఎవరొచ్చారని అడిగేవాళ్ళూ లేరు. అవసరమూ లేదు. పసుపు వాసన, మామిడాకుల వాసన, పడుచు దౌలత్ బీ గాజుల చప్పుడు, అన్నీ ఆ గుమ్మంలోనే ఉన్నాయి ఆమెకు. తట్టింది. గదిలో గోడలు అదిరేటట్టు, ఒకప్పటి కలుపు చేలో గొంతుతో:

"తిమ్మయ్య వచ్చినాడు! నా... గ... లచ్చమ్మ... వచ్చినాది!"

వచ్చింది. గడప దాటి, నిటారుగా.

అధికారి కళ్ళజోడు సర్దుకుని జాబితాలో వేలు పెట్టాడు. "నాగలక్ష్మమ్మ, భర్త తిమ్మయ్య. సరిపోయింది."

"సార్, అది ఎవురో నేర్పిచ్చినారు!" పుల్లయ్య అరిచాడు.

"ఎవురో నేర్పకపోతే ఎవురికప్పా పేరొచ్చేది?" అన్నాడు అధికారి. "నీకు మీ అమ్మ నేర్పలేదా?" తరవాత నాగలక్ష్మమ్మ వైపు తిరిగి, "ఈయనను ఎరుగుదువామ్మా?" అని అడిగాడు.

ఆమె పుల్లయ్యను ఎగాదిగా చూసింది. చూపు మోకాలి దగ్గర కాసేపు ఆగింది. "తి...మ్మయ్యా!" అంది, చెంబు విసిరిన నాటి రాగంలోనే. పుల్లయ్య కాలు ముడుచుకున్నాడు. దానికి అర్థం ఎవరూ అడగలేదు.

ఎడమ చేతి వేలికి సిరా పెట్టారు. ఓటు చీటీ తీసుకుని తెర వెనక్కి వెళ్ళింది. గుర్తులు అంటించిన పెట్టెల్లో తనకు కావలసిన పెట్టె వెతుక్కుని చీటీ వేసింది. వేస్తూ ఉంటే చెయ్యి నోటికి చెప్పేసింది, గదంతా వినబడేలా.

"లాభం!"

అధికారి మొహం కిందికి దించుకుని నవ్వాపుకున్నాడు. ఆమె తరవాత దౌలత్ బీ. అడక్కముందే తన పేరు, మొగుడి పేరు గంట కొట్టినట్టు చెప్పింది, తెర వెనక్కి పోయి "రెండు!" అని అరిచింది. ఆ వెనకామె "మూడు!" పోయినసారి మొగుళ్ళ పేర్లు చెప్పలేక తిరిగిపోయిన ఆడవాళ్ళంతా గుమ్మం తట్టి, పేర్లు చెప్పి, లోపలికొచ్చి కొలిచారు. "ఇది ఓట్ల గదా, జొన్నల కల్లమా?" అని అధికారి కసిరినా ఎవరు వింటారు! బయట మగవాళ్ళ వరసలో తమ పేర్లు తామే వింటూ మొగుళ్ళు నేలచూపులు చూశారు.

బడి బయట, ఊరందరి ముందూ, తిమ్మయ్య గట్టిగా పిలిచాడు. "నాగలచ్చమ్మా! యాడుండావు? ఇంటికి పోదాం రా!"

"వద్దు," అంది నాగలక్ష్మమ్మ. వరస పూర్తయ్యేదాకా అక్కడే మెట్టు మీద కూర్చుని, బయటికొచ్చిన ప్రతి ఆడమనిషి వేలూ పట్టుకుని సిరా చూసింది.

ఇప్పుడు ఆమె మళ్ళీ కలుపు సాల్లో ఉంటుంది, ఎడమ చేత్తో. మాటల మధ్య ఖాళీలు పడతాయి, అప్పుడప్పుడు తిమ్మయ్య పేరు జొరబడుతుంది. పక్క సాలు వాళ్ళు ఆగుతారు, మాట వచ్చేదాకా. ఆమె పక్క సాలు కోసం పోటీ ఇప్పటికీ ఉంది.

ఇదీ మిగతా సగం, చాంద్ బేగమ్మా! నీ మొగుడి దగ్గర 'చల్ బేటా' ఉంది. అదే తాడు కొస. స్టేషను దగ్గర బండి ఎక్కించుకునేటప్పుడు ఊరి వీధులన్నీ వరసగా అరిచేవాడు కదా, ఏడురోడ్లు, దర్గా అని. ఆ వరస ఎక్కడికీ పోయి ఉండదు. ఒకసారి కళ్ళెం చేతికిచ్చి చూడాలి. ఏసుమణి ఇంకా ఆ ఆసుపత్రిలోనే ఉందట. రేపు పోస్టాఫీసు తలుపు తీయగానే పోయి కర్నూలుకు ట్రంకాల్ ఫోను బుక్ చెయ్యాలి. లైను ఎప్పుడు దొరికితే అప్పుడే, అక్కడే బెంచీ మీద కూర్చోవాలి. ఆమె గొంతు వినబడగానే వేరే ముచ్చట్లలో పడకుండా (పడే ప్రమాదం చాలా ఉంది) ముందు ఇదే అడగాలి: అమ్మా, ఇక్కడొక జట్కా ఆయన ఉన్నాడు, గుర్రాన్ని అదిలించే మాట ఒక్కటే వస్తోంది, ఎప్పుడు తీసుకురమ్మంటావు?